అమ్మమ్మ నోరు ఎండటానికి కారణం వయసు ఒక్కటే కాదు: ఒక కుటుంబం కేస్ స్టడీ

నోరు ఎండిపోతోందని వచ్చిన అరవై దాటిన మనిషికి ‘వయసు కదమ్మా, అలాగే ఉంటుంది’ అని చెప్పి పంపేయడం మన దగ్గర మామూలైపోయింది. నేను ఓరల్ మెడిసిన్ డాక్టర్‌ని, నోటి లోపలి జబ్బులు చూడటమే నా పని, ఈ మాట విని ఏళ్ల తరబడి ఊరుకున్న పేషెంట్లు నా దగ్గరికి వచ్చేసరికి సగం పళ్లు పోయి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో వయసు ఒక్కటే లాలాజలాన్ని ఇంతలా ఆపేయదు. ఆ సంగతి గట్టిగా చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, పేర్లు పెట్టలేదు.

పేషెంటు 67 ఏళ్ల ఆవిడ, నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. షుగర్, బీపీ ఉన్నాయి. ఆవిడ చెప్పింది ఒకటే మాట: “నోరంత ఎండుకపోతుంది బిడ్డా, చెంబుల నీళ్లు లేకుంటే బువ్వ దిగదు.” జొన్న రొట్టె మానేసి చాలా కాలమైంది, అన్నంలో మజ్జిగో పులుసో నిండా పోసుకుంటే తప్ప మింగలేదు, రాత్రి నిద్రలో నాలుక అంగిలికి అతుక్కుని మెలకువ వస్తుంది. ఇదంతా రెండేళ్ల నుంచి బాగా ఎక్కువైందట. అంతకుముందు చూపించుకున్న చోట్ల వయసు అన్నారు, ఒకచోట షుగర్ అన్నారు, నీళ్లు ఎక్కువ తాగమన్నారు.

నోట్లో చూస్తే పరీక్ష అద్దం బుగ్గకు అతుక్కుంటోంది. నాలుక ఎర్రగా, గాట్లు పడి, మీద ఉండాల్సిన గరుకుతనం పోయి ఉంది. పెదాల మూలలు పగిలాయి, పై కట్టుడు పళ్ల సెట్టు కింద అంగిలంతా ఫంగస్‌తో ఎర్రబడింది. కింది పళ్లలో మిగిలినవాటికి ఫ్లోరోసిస్ గోధుమరంగు మచ్చలు ఉన్నాయి, ఆ ప్రాంతంలో ఆ వయసు వాళ్లలో అది కొత్తేమీ కాదు, కానీ వాటికి చిగురు పక్కన చుట్టూ పిప్పి పట్టేసింది. ఇలా చిగురు అంచున వేరు మీద వలయంలా పిప్పి పడితే నేను మొదట చక్కెర గురించి అడగను, ఉమ్మి గురించి అడుగుతాను. పంటి పైపొర కరగాలంటే నోటి పీహెచ్ సుమారు 5.5కి దిగాలి, వేరు మాత్రం అంతకంటే ముందే, 6 దాటి ఉండగానే కరగడం మొదలుపెడుతుంది. ఆ ఆమ్లాన్ని కడిగి, విరిచి, పోయిన కాల్షియాన్ని తిరిగి అందించేది లాలాజలమే. దానికి తోడు ఆవిడ నోరు ఊరడం కోసం ఎండు ఉసిరి ముక్క రోజంతా బుగ్గన పెట్టుకునేది. ఊరే ఉమ్మి ఉన్నవాళ్లకు ఉసిరి బాగానే ఉంటుంది, లేనివాళ్లకు అది పళ్ల వేళ్ల మీద నేరుగా పనిచేసే ఆమ్లం.

ఇక మందుల సంచి. నేను ఎవరికైనా చెప్పేది ఇదే, నోరెండే కేసులో ప్రిస్క్రిప్షన్ కాగితాలు కాదు, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో తెమ్మనండి. షుగర్, బీపీ గోళీలతో పాటు అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాములు, మూత్రం ఆగడం లేదని ఆక్సిబ్యుటినిన్, ముక్కు కారితే మెడికల్ షాపులో తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు గోళీ దొరికాయి. మూడూ వేర్వేరు అవసరాలకు వచ్చినవి, మూడూ ఒకే చోట దెబ్బ కొడతాయి. నరం నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ గ్రంథి కణం మీద ఉన్న ఎం3 గ్రాహకాన్ని తడితేనే కణంలో కాల్షియం పెరుగుతుంది, క్లోరైడ్ బయటికి వెళ్తుంది, దాని వెంట ఆక్వాపోరిన్ 5 అనే దారిగుండా నీరు వస్తుంది. ఈ ఆక్వాపోరిన్ 5 జన్యువును తీసేసిన ఎలుకల్లో లాలాజలం 60 శాతానికి పైగా తగ్గి, వచ్చేది కూడా చిక్కగా వచ్చిందని 1999లోనే చూపించారు. ఆవిడ మింగుతున్న గోళీలు ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే అడ్డం పడుతున్నాయి.

ఉమ్మి కొలిచాం. ఇది ఖర్చులేని పరీక్ష, అయినా ఎవరూ చేయరు, అదే నా బాధ. పొద్దున, గంటన్నర ఏమీ తినకుండా, తాగకుండా ఉంచి, తల కొద్దిగా వంచి కూర్చోబెట్టి, నోట్లో ఊరింది ఊరినట్టు కొలత గొట్టంలోకి జారనివ్వాలి. ఏమీ నమలకుండా నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు రావడం మామూలు, 0.1 కంటే తక్కువైతే గ్రంథి పని నిజంగా పడిపోయినట్టు. ఆవిడకు 0.06 వచ్చింది. మైనం నమిలించి కొలిస్తే 0.3, అది కూడా 0.5 నుంచి 0.7 అనే కింది హద్దు కంటే చాలా తక్కువే.

మందులు, షుగర్, వయసు కలిపి ఇదంతా వివరించేయొచ్చు. కానీ ఒక విషయం అతకలేదు. చెవి కింది పెద్ద గ్రంథి, అంటే పరోటిడ్, దాని నాళం బుగ్గ లోపల, పై దవడ రెండో పెద్ద దంతానికి ఎదురుగా చిన్న బుడిపెలా తెరుచుకుంటుంది. మందులతో నోరెండినా, రోగనిరోధక శక్తి సొంత గ్రంథుల మీదే దాడి చేసే షోగ్రెన్ జబ్బుతో గ్రంథి పాడైనా ఆ బుడిపె ఉంటుంది, నొక్కితే అందులోంచి చుక్క రాదు, అంతే. ఈవిడకు రెండు బుగ్గల్లోనూ అసలు బుడిపే లేదు. వేలితో తడిమినా, లైటు పక్క నుంచి వేసి చూసినా నున్నటి చర్మమే. వయసుతో గ్రంథి కుంచించుకుపోతుందేమో గానీ నాళం ద్వారం మాయం కాదు, అది పుట్టక ముందే ఏర్పడకపోయి ఉండాలి.

రెండో ఆధారం పక్క కుర్చీలో కూర్చుని ఉంది. తోడు వచ్చిన కూతురు కొడుకు, తొమ్మిదేళ్లవాడు, బిస్కెట్ తింటూ ప్రతి ముక్కకూ సీసాలోంచి ఒక గుక్క తాగుతున్నాడు. ఏడవడం లేదు, కానీ రెండు కళ్ల నుంచీ నీళ్లు చెంపల మీదికి జారుతున్నాయి. అడిగితే, చిన్నప్పటి నుంచి అంతే, కంటి డాక్టర్లు నాళం మూసుకుపోయిందని చూశారు, పెద్దగా మార్పు లేదని కూతురు చెప్పింది. అప్పుడు అమ్మమ్మ అందుకుంది, తనకూ అంతేనట, “నా పెండ్లప్పుడు గూడ ఏడుస్తనే ఉన్నదన్నరు బిడ్డా, నేను ఏడ్వనే లేదు.” కూతురికి 38 ఏళ్లు, వెనక పళ్లు చాలావరకు ముప్ఫై దాటకుండానే పోయాయి. మా వంశంలోనే పళ్లు బలం లేవు మేడం, అంది. ఈ మాట వినగానే ఆగాలి. వంశంలో పళ్లు బలం లేవు అనే ఇళ్లలో చాలావాటికి తిండి, బ్రషింగ్ కారణాలే ఉంటాయి, నిజమే, కానీ మూడు తరాల్లో పళ్లూ కళ్లూ నోరూ ఒకే రకంగా ఉంటే అది అలవాటు కాదు.

అదే రోజు ముగ్గురికీ అల్ట్రాసౌండ్ చేయించాం. రేడియేషన్ లేదు, పిల్లవాడికి కూడా భయం ఉండదు. అబ్బాయికి రెండు పరోటిడ్‌లూ కనబడలేదు, వాటి చోట కొవ్వు, దవడ కింది గ్రంథుల్లో ఒకటి చిన్నగా ఉంది, రెండోది లేదు. తల్లికి పరోటిడ్‌లు లేవు, దవడ కిందివి రెండూ చిన్నవి. అమ్మమ్మకు పరోటిడ్‌లు లేవు, కుడి దవడ కింద లేదు, ఎడమ దవడ కింద మాత్రం ఒకటి ఉంది, అది కూడా కుంచించుకుపోయి, మధ్యమధ్య కొవ్వు పట్టి. తర్వాత ఎంఆర్ఐలోనూ ఇదే తేలింది. అంటే ఈవిడ అరవై అయిదేళ్లు ఒక్క పెద్ద గ్రంథి, దానికి తోడు పెదాల్లోనూ బుగ్గల్లోనూ అంగిట్లోనూ ఉండే చిన్న చిన్న గ్రంథులతో నెట్టుకొచ్చింది. ఏమీ నమలనప్పుడు నోట్లో ఊరే ఉమ్మిలో మూడింట రెండు వంతులు దవడ కింది గ్రంథులదే కాబట్టి ఆ ఒక్కటి ఉండటమే ఆవిడను కాపాడింది.

షోగ్రెన్ కాదని తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు, ఎందుకంటే ఈ వయసు ఆడవాళ్లలో నోరూ కళ్లూ రెండూ బాధపెడితే మొదట అనుమానించాల్సింది అదే, దానికీ జన్యువుల పాత్ర ఉంది, హెచ్‌ఎల్‌ఏ డీఆర్3, ఐఆర్‌ఎఫ్5, స్టాట్4 లాంటివి రోగనిరోధక శక్తిని గ్రంథి మీదికి తిప్పే అవకాశాన్ని పెంచుతాయి. షోగ్రెన్ కోసం రక్తంలో చూసే యాంటీబాడీలు యాంటీ రో, యాంటీ లా రెండూ నెగటివ్. హెపటైటిస్ సీ, థైరాయిడ్, ఐజీజీ4 అనే ఇంకో గ్రంథుల జబ్బు పరీక్షలూ మామూలే. కంటి కింద కాగితం పెట్టి చేసే షిర్మర్ పరీక్షలో అయిదు నిమిషాల్లో 3 మిల్లీమీటర్లు తడిసింది, 5 లేదా అంతకంటే తక్కువ వస్తే లెక్కలోకి వస్తుంది. 2016 అంతర్జాతీయ ప్రమాణాల్లో కనీసం 4 పాయింట్లు కావాలి, ఈవిడకు కన్నీటికి ఒకటి, ఉమ్మికి ఒకటి, మొత్తం 2. కింది పెదవి బయాప్సీ చేశాం. రిపోర్టు చదివితే ముచ్చటేసింది, షోగ్రెన్ అయితే కనబడాల్సిన లింఫోసైట్ల (తెల్ల రక్తకణాల) గుంపులు లేవు, కానీ ఉమ్మి తయారుచేసే కణాల గుత్తులు చాలాచోట్ల పోయి వాటి స్థానంలో కొవ్వు, నార కణజాలం. అది వయసు చేసే పని, అచ్చంగా.

ఇక్కడ వయసు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ‘వయసు వల్ల కాదు’ అనడం కూడా పూర్తి నిజం కాదు. యవ్వనం నుంచి ముసలితనానికి వచ్చేసరికి ఉమ్మి తయారుచేసే కణాల్లో 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయని గ్రంథుల్ని కోసి కొలిచిన అధ్యయనాలు చూపించాయి. మరి ఉమ్మి కూడా అంతే తగ్గాలి కదా? 1981లో పరిశోధకుడు బ్రూస్ బామ్ అమెరికాలో బాల్టిమోర్ వృద్ధాప్య అధ్యయనంలో ఉన్నవాళ్లకు పరోటిడ్ ఉమ్మి కొలిస్తే, ఆరోగ్యంగా ఉండి మందులు వాడని పెద్దవాళ్లకు కుర్రవాళ్లతో సమానంగా వచ్చింది. దవడ కింది గ్రంథుల సంగతి వేరు, వాటిలో వయసుతో కొంత తగ్గుదల ఉందని తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. దీన్ని వివరించడానికి జొనాథన్ షిప్ లాంటి పరిశోధకులు చెప్పింది నిల్వ సామర్థ్యం సంగతి: మనం అవసరానికి మించిన గ్రంథితో పుడతాం, వయసు ఆ మిగులును తింటుంది, రోజువారీ పని మాత్రం సాగుతూనే ఉంటుంది, మందో రేడియేషనో జబ్బో వచ్చి పడినప్పుడు ముసలివాళ్లకు కుర్రవాళ్ల కంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది. బావి లోతు ఎంతో ఎండాకాలంలోనే కదా తెలిసేది. ఈవిడ బావి పుట్టుకతోనే లోతు లేనిది, వయసు అడుగున పూడిక వేసింది, మూడు గోళీలు కలిసి ఊట మూసేశాయి.

పుట్టుకతోనే లోతు లేకపోవడానికి కారణం ఏమిటన్నది మెడికల్ జెనెటిక్స్ వాళ్లతో కలిసి చూశాం. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు ఉండటం మన ప్రాంత పేషెంట్లకు పెద్ద అండ, ఈ సంగతి జిల్లాల్లో డాక్టర్లకే చాలామందికి తట్టదు. ముగ్గురి రక్తంలోనూ ఒకే మార్పు దొరికింది, అయిదో క్రోమోజోమ్ మీద ఉండే ఎఫ్‌జీఎఫ్10 జన్యువు రెండు కాపీల్లో ఒకటి పనిచేయదు. నాలుగో మనిషి, అంటే కూతురి అన్న, అతనికి పళ్లూ కళ్లూ బాగున్నాయి, రక్తంలో ఆ మార్పు కూడా లేదు. కన్నీటి, లాలాజల గ్రంథులు ఏర్పడని ఈ స్థితికి ఎఫ్‌జీఎఫ్10 కారణమని 2005లో స్వీడన్ కుటుంబాల్లో మొదట కనిపెట్టారు.

గర్భంలో ఆరో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య నోటి లోపలి పొర నుంచి చిన్న మొగ్గలు కిందికి దిగి, కొమ్మలు కొమ్మలుగా చీలి గ్రంథులవుతాయి. ‘ఇటు పెరుగు, ఇక్కడ చీలు’ అని ఆ మొగ్గకు చుట్టూ ఉన్న కణజాలం ఇచ్చే సంకేతాల్లో ముఖ్యమైనది ఎఫ్‌జీఎఫ్10 ప్రోటీన్, మొగ్గ మీద దాన్ని అందుకునేది ఎఫ్‌జీఎఫ్ఆర్2. రెండు కాపీలూ లేని ఎలుకపిల్లల్లో ఊపిరితిత్తులు, కాళ్లు కూడా ఏర్పడవు, పుట్టగానే చనిపోతాయి. ఒక కాపీ ఉంటే బతుకుతాయి, గ్రంథులు మాత్రం చిన్నగానే ఉంటాయి. మనుషుల్లోనూ అంతే, సంకేతం సగమే అందితే మొగ్గ ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందన్నది ఒకే ఇంట్లో కూడా మనిషికీ మనిషికీ మారుతుంది, అమ్మమ్మకు ఎడమవైపు నిలిచింది, మనవడికి దాదాపు ఏదీ నిలవలేదు. జన్యు రిపోర్టు చేతిలో ఉన్నా పేషెంటు నోట్లో చూడకుండా ఏమీ చెప్పలేం అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదే జన్యువులో, ఎఫ్‌జీఎఫ్ఆర్2లో, ఎఫ్‌జీఎఫ్ఆర్3లో వచ్చే మార్పులతో లాడ్ సిండ్రోమ్ అని ఇంకొకటి ఉంది, అందులో గ్రంథులతో పాటు చెవులు, వినికిడి, బొటనవేళ్లు, కొన్నిసార్లు మూత్రపిండాలు కూడా తేడాగా ఉంటాయి. అందుకని అబ్బాయి వేళ్లు, చెవులు చూశాం, వినికిడి పరీక్ష, కడుపు స్కాన్ చేయించాం. అన్నీ బాగున్నాయి.

రిపోర్టు వివరించాక అల్లుడు అడిగిన మొదటి ప్రశ్న, మీరు ఊహించే ఉంటారు: “మాది మేనరికం మేడం, దానివల్లేనా?” ఆ గదిలో ఆ ప్రశ్న ఎంత బరువుగా ఉందో చెప్పలేను, భార్య తల దించుకుంది, అత్తగారు ఇద్దర్నీ చూస్తోంది. కాదు అని స్పష్టంగా చెప్పాను. రెండు కాపీలూ పాడైతే తప్ప బయటపడని జబ్బులు మేనరికంలో ఎక్కువగా బయటపడతాయి, అది నిజం. కానీ ఇది ఒక్క కాపీ పాడైతే చాలు కనిపించే రకం, ఎవరిని చేసుకున్నా ప్రతి బిడ్డకూ సగం అవకాశం, కూతురికి వచ్చింది, అన్నకు రాలేదు, అంతే. అయితే ఆ సంబంధానికి ఇంకో ముఖ్యమైన కోణం ఉంది కాబట్టి అతని రక్తం కూడా పరీక్షించాం: మేనరికంలో ఇద్దరికీ ఇదే మార్పు ఉండి ఉంటే, రెండు కాపీలూ లేని బిడ్డ అనే పెద్ద ప్రమాదం ఉండేది. అతనికి లేదు. ఇంకో బిడ్డను కనాలనుకుంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లమని కాగితం రాసిచ్చాను. తప్పు ఎవరిదీ కాదని పెద్దావిడకు విడిగా, ఆవిడ మాటల్లో, మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ‘నా నుంచే వచ్చిందా బిడ్డా’ అని ఆవిడ అప్పటికే కుమిలిపోతోంది.

ఊపిరితిత్తుల సంగతి చాలామంది మర్చిపోతారు. ఎఫ్‌జీఎఫ్10 ఊపిరితిత్తుల కొమ్మలకు కూడా కావాలి, ఆ స్వీడన్ కుటుంబాల్లోనే ఒక కాపీ లేనివాళ్ల ఊపిరి సామర్థ్యం బంధువుల కంటే తక్కువగా ఉందని 2011లో చూపించారు. గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేయిస్తే అమ్మమ్మకు కొద్దిపాటి అడ్డంకి కనబడింది. జీవితమంతా కట్టెల పొయ్యి దగ్గర ఊదిన మనిషి, అందులో జన్యువు వాటా ఎంత, పొగ వాటా ఎంత అని ఒక్క మనిషిలో విడదీయలేం. కానీ చికిత్సలో ఇది పెద్ద ముడి వేసింది. ఊపిరి అడ్డంకికి సాధారణంగా ఇచ్చే టియోట్రోపియం పీల్చే మందు కూడా నోరు ఎండబెట్టే కుటుంబంలోదే. ఛాతీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడితే, ఆయాసం పెద్దగా లేదు కాబట్టి అవసరమైనప్పుడు పీల్చుకునే సాల్బ్యుటమాల్ చాలన్నారు.

మందుల మార్పే మొదటి చికిత్స. అమిట్రిప్టిలిన్ ఉన్నట్టుండి ఆపకూడదు, డోసు కొద్దికొద్దిగా తగ్గించి ఆపి, మంటలకు ప్రీగాబలిన్ తక్కువ మోతాదులో పెట్టారు ఆవిడ ఫిజీషియన్. ఆక్సిబ్యుటినిన్ బదులు మిరాబెగ్రాన్, ఇది ఎం3 గ్రాహకం జోలికి పోదు, బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. జలుబు గోళీ ఇంట్లోంచే తీసేయించాం. అమిట్రిప్టిలిన్‌ను శరీరం వదిలించుకునే వేగం సీవైపీ2డీ6 అనే జన్యువు మీద ఆధారపడుతుంది, దాన్ని పరీక్షించమంటారా అని ఒక జూనియర్ అడిగింది. మంచి ప్రశ్న, కానీ ఎలాగూ ఆపేస్తున్న మందు కోసం ఆ ఖర్చు పేషెంటు మీద పెట్టడం నాకు ఇష్టం లేదు.

కొన్ని వారాల తర్వాత కొలిస్తే ఊరికే వచ్చే ఉమ్మి 0.06 నుంచి 0.12కి, నమిలినప్పుడు 0.3 నుంచి 0.5కి వచ్చింది. అంకెలు చూస్తే చిన్నవే, కానీ రాత్రి మెలకువ తగ్గింది, ఆ ఒక్క గ్రంథిలో మిగిలిన కణాలు పని చేయడానికి సిద్ధంగానే ఉన్నాయని తెలిసింది. గ్రంథిని తట్టి ఉమ్మి ఊరించే పిలోకార్పిన్ అనే మందు కూడా ప్రయత్నించాం, కంట్లో ఇరుకు కోణపు గ్లాకోమా లేదని చూపించుకుని, ఊపిరి అడ్డంకి తక్కువే కాబట్టి ఛాతీ డాక్టర్ ఒప్పుకున్నాక, తక్కువ డోసుతో. ఉమ్మి ఇంకాస్త పెరిగింది, కానీ చెమటలు పట్టడం, మూత్రం మళ్లీ ఆగకపోవడం మొదలైంది. ఆవిడే వద్దంది, నాకూ అదే సరైనదనిపించింది. మూత్రం ఆగక బస్సెక్కలేని మనిషికి నోరు తడిగా ఉండి ఏం సుఖం.

మిగిలింది నోటి పని, నిజానికి రోజూ ఆవిడకు ఎక్కువ ఉపయోగపడేది అదే. ఫంగస్‌కు క్లోట్రిమజోల్ పూత, కట్టుడు పళ్లు రాత్రి తీసి కడిగి నీళ్లలో ఉంచడం. ఉసిరి బదులు జైలిటాల్ ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్, పడుకునే ముందు నోటిని తడిగా ఉంచే జెల్. వేళ్ల పిప్పికి గ్లాస్ అయానమర్ ఫిల్లింగులు, మూడు నెలలకొకసారి 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్.

ఫ్లోరైడ్ అనగానే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డారు. వాళ్ల ఊళ్లో ఫ్లోరైడ్ అంటే వంగిన కాళ్లు, బిగిసిన నడుములు, ఆ భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే డాక్టర్‌ని నేను నమ్మను. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి కడుపులోకి పంపడం వేరు, గట్టిపడిన పన్ను మీద సంవత్సరానికి నాలుగుసార్లు పలచటి పూత వేయడం వేరని బొమ్మ గీసి చెప్పాను. అబ్బాయి విషయంలో ఇంకా జాగ్రత్తగా లెక్క చూశాను: జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల పైభాగం ఎనిమిదేళ్లకల్లా దవడ లోపల తయారైపోతుంది కాబట్టి వాడికి ఇప్పుడు ఫ్లోరోసిస్ మచ్చలు పడే ప్రమాదం దాదాపు లేదు, తాగేది కూడా ఇప్పుడు నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు. అలా చెప్పాక ఒప్పుకున్నారు.

ఈ కేసులో అసలు పేషెంటు అబ్బాయేనని నా అభిప్రాయం. అమ్మమ్మకు వయసు తినడానికి కొంత మిగులు ఉంది, వాడికి మొదటి నుంచీ అదీ లేదు, పాలపళ్లలో ఏడింటికి ఇప్పటికే ఫిల్లింగులు, శాశ్వత పెద్ద దంతాల్లో రెండింటికి పిప్పి మొదలు. వాటి గాట్లు సీలెంట్‌తో మూశాం. క్లాసులో నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోనివ్వడం లేదంటే స్కూలుకు ఉత్తరం రాసిచ్చాను, దానికి కారణం జబ్బే గానీ అల్లరి కాదని. కంటికి కృత్రిమ కన్నీటి చుక్కలు. రెప్ప అంచున నీరు పోయే రంధ్రాలే లేవు, ఊరే కొద్దిపాటి కన్నీరు కూడా చెంపల మీదికి కారేది అందుకే, కాబట్టి సర్జరీ అవసరమా అన్నది కంటి డాక్టర్లు వాడు ఇంకా పెరిగాక చూస్తామన్నారు. వాడికీ వాడి తల్లికీ ఒక మాట మరీ మరీ చెప్పాను, సిగరెట్ ముట్టొద్దు, ఊపిరితిత్తుల్లో వీళ్లకు వృథా చేసుకునేంత మిగులు లేదు. పెద్దయ్యాక అలర్జీకో నిద్రకో డిప్రెషన్‌కో ఎవరు ఏ గోళీ రాసినా ‘ఇది నోరెండబెడుతుందా’ అని అడగమని ఒక కార్డు రాసి వాడి ఫైల్లో పెట్టాను.

ఒక విషయం మధ్యలో చెప్పాలి. ‘మీ గ్రంథులు ఎంత వేగంగా ముసలివవుతాయో జన్యువుల్లో చూసి చెబుతాం’ అనే రకం ప్యాకేజీలు ఇప్పుడు ఫోన్లలో ప్రకటనలుగా వస్తున్నాయి, తల్లి నాకు ఒకటి చూపించింది. విభజన ఆపేసిన ముసలి కణాల్లో పెరిగే పీ16, ఎలుకల్లో తీసేస్తే ముసలితనం ముందే తెచ్చే క్లోతో జన్యువు, ఇవన్నీ పరిశోధనలో నిజమైన విషయాలే. కానీ వాటిని బట్టి ఫలానా మనిషి నోరు ఎప్పుడు ఎండుతుందో చెప్పే పరీక్ష వైద్యంలో లేదు. డబ్బు అక్కడ పెట్టొద్దు, ఆ డబ్బుతో వార్నిష్ వేయించుకోండి అన్నాను.

తండ్రి జన్యు చికిత్స గురించి కూడా చదువుకుని వచ్చాడు. రేడియేషన్‌తో గ్రంథులు దెబ్బతిన్న క్యాన్సర్ పేషెంట్లకు ఆక్వాపోరిన్ 1 జన్యువును పరోటిడ్‌లోకి పంపిన మొదటి ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి, 11 మందికి ఇస్తే 6 మందిలో ఉమ్మి పెరిగింది, అది కూడా అదే బామ్ బృందం పనే. ఇప్పుడు జన్యువును మోసుకెళ్లడానికి వేరే వైరస్ వాడి ఆ పని ముందుకు సాగుతోంది. ఆశపడదగ్గ విషయమే. కానీ ఆ చికిత్స బుగ్గలోని నాళం ద్వారంలోంచి సన్నటి గొట్టం పెట్టి ఎక్కించేది, లోపల బతికున్న నాళ కణాలు ఉంటేనే పనిచేసేది. వీళ్ల బుగ్గల్లో ఆ ద్వారమే లేదు, లోపల గ్రంథే లేదు. ఉన్నది పాడైతే బాగుచేయడం ఒక పని, లేనిదాన్ని కొత్తగా పెంచడం పూర్తిగా వేరే పని, ఆ రెండోది ఇంకా ప్రయోగశాల దాటలేదని అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. నిరాశపడ్డాడు, కానీ ఆ రోజే కొడుక్కి వార్నిష్ వేయించి తీసుకెళ్లాడు.

ప్రస్తుతం పెద్దావిడకు కొత్త పిప్పి పళ్లు లేవు, ఒక పాత వేరు మాత్రం కాపాడలేక తీసేశాం. అబ్బాయి శాశ్వత దంతాల్లో పిప్పి ఆగింది. కూతురికి ఇంప్లాంట్లు అడుగుతున్నారు, ఉమ్మి తక్కువ ఉన్నచోట వాటి చుట్టూ చిగురు ఎలా నిలుస్తుందో చూసుకోవాలి కాబట్టి ముందు రెండు మాత్రమే పెట్టి, ఆరు నెలలు చూసి మిగతావి నిర్ణయిద్దామనుకున్నాం. అమ్మమ్మ చెల్లెలు ఒకావిడ సూర్యాపేట వైపు ఉంటుందట, ఆవిడకూ కళ్లెంట నీళ్లు, నోట్లో పళ్లు లేవు, ఊళ్లో డాక్టర్ వయసు అన్నాడట. మందుల సంచినీ, మనవళ్లనీ వెంటబెట్టుకుని రమ్మని కబురు చేశాం.